యాకూబ్ సాబ్ సీటీ

చిలకలగూడ చౌరస్తా దగ్గర గొడుగు కింద కూర్చునే మోచీ, తొలకరి పడే రోజుల్లో, అమ్మకానికి పెట్టిన పాత తోలు బూట్లకు ఆముదం పట్టించి వరసగా ఆరబెడతాడు. మొన్న వాన వెలిసిన సాయంత్రం కూరగాయల సంచీతో అటు నడుస్తుంటే ఆ వాసన తగిలింది. తడి తోలు, ఆముదం, అప్పుడే నానిన ఎర్రమట్టి, మూడూ కలిసిన వాసన. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. "బూట్లు చూపించాల్నా సార్?" అన్నాడతను. వద్దని చెప్పి కదిలానుగానీ ఇంటికి చేరేదాకా మా రగ్బీ బంతే కళ్ళ ముందు దొర్లుతూ వచ్చింది.

రగ్బీ అంటే ఇప్పుడు మా వీధిలో ఎవరికీ తెలియదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద తోలు బంతిని చంకలో పెట్టుకుని ఎదుటివాళ్ళ గీత దాటేదాకా పరుగెత్తి, అక్కడ నేలకు ఆనించాలి. దాన్నే ట్రై అంటారు. పట్టుకుని కింద పడెయ్యడానికి వచ్చేవాళ్ళను తప్పించుకోవాలంటే బంతిని మన వాళ్ళకు అందించవచ్చు, కానీ పక్కకో వెనక్కో విసరాలి తప్ప చేత్తో ముందుకు విసరకూడదు. మనిషి ముందుకు పోవాలి, బంతి వెనక్కి పోవాలి. ఈ ఒక్క ముక్క మా బుర్రలకు ఎక్కడానికి ఒక వానాకాలం పూర్తిగా పట్టింది.

మా నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, చిలకలగూడలో రెండు గదుల పెంకుటిల్లు అద్దెకు తీసుకుని, ఆదివారం మిషన్ గుడికీ మిగిలిన రోజులు ఆఫీసుకూ నడిచే మనిషి. నన్ను లష్కర్‌లోని, అంటే సికింద్రాబాదులోని, ఒక మిషన్ బడిలో వేశారు. ఆ బడికి తిరుమలగిరి బారకాసుల్లోని తెల్ల సిపాయిల నుంచి అంటుకున్న జబ్బు ఈ రగ్బీ. సిపాయిలు ఆడుతుంటే చూసి, తరువాత వాళ్ళ వ్యాయామశాలలో పనిచేసి ఆట నేర్చుకున్న యాకూబ్ సాబ్ మా డ్రిల్ మాస్టరు. సన్నటి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు, మెడలో నల్లతాడుకు వేలాడే సీటీ. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. సీటీ ఊది, తప్పు జరిగినచోట బూటు మడమతో చిన్న గుంట చేసి, చెయ్యి చూపించేవారు. అంతే. ఎందుకని అడిగితే మైదానం చుట్టూ పరుగు.

తలలు దూర్చి, భుజాలు ఆనించి, రెండు జట్ల బలమైనవాళ్ళూ ఎదురెదురుగా నెట్టుకునే ఘట్టం ఒకటి ఉంటుంది ఆ ఆటలో. స్క్రమ్ అని దాని పేరు, మేము మాత్రం ధక్కా అనేవాళ్ళం. ముందు వరుసలో నట్టనడుమ నిలబడి, మధ్యలోకి దొర్లించిన బంతిని కాలితో వెనక్కి లాగడం నా పని. నాకు కుడివైపు మా కెప్టెన్ యాదగిరి. బోయిగూడలో వాళ్ళన్న కట్టెల అడితి నడిపేవాడు, తండ్రి లేని తమ్ముణ్ణి పెంచిందీ ఆయనే. టేకు దుంగలెత్తి అలవాటైన యాదగిరి భుజం నా మెడ మీద పడితే, పొద్దున ఆడిన ఆట నొప్పి మధ్యాహ్నం లెక్కల క్లాసులో తెలిసేది.

ఆడేది వానాకాలంలోనే, ఎండాకాలం ఆ నేల మీద పడితే ఎముక మిగలదు. తెల్లవారకముందే లేచి, అమ్మ పెట్టిన చద్దన్నంలో మాగాయ నంజుకుని బయలుదేరితే, దారిలో యాదగిరి వాళ్ళమ్మ చేసిన సర్వపిండి ముక్కలు వాడి నిక్కరు జేబులో నూనె మరకలు తేలుస్తూ వచ్చేవి, ఆట ముగిశాక గేటు బయట బొగ్గుల మీద కాల్చిన మక్కబుట్టలకు ఉప్పూ నిమ్మకాయా రాసుకుని, పండ్ల సందుల్లోంచి మట్టి ఉమ్ముకుంటూ తినేవాళ్ళం. రంజాన్‌కు యాకూబ్ సాబ్ ఇంట్లోంచి శీర్ ఖుర్మా, క్రిస్మస్‌కు మా ఇంట్లోంచి గులాబీ పువ్వులు, కజ్జికాయలు, జట్టు మొత్తానికీ వెళ్ళేవి. అమ్మ మాత్రం ఆటను ఎప్పటికీ ఒప్పుకోలేదు. "ఇదేం ఆటరా నాయనా, మట్టి తినే ఆట! మోకాళ్ళు చూడు, తురిమేసిన కొబ్బరి చిప్పల్లా ఉన్నాయి" అంటూనే పసుపు అద్దేది.

అలా నడుస్తుండగా పోలీస్ యాక్షన్ వచ్చింది. అంతకు ముందు నెలల తరబడి రజాకార్ల భయం. చీకటి పడితే తలుపులకు అడ్డగర్రలు, గుడిలో కీర్తనలు కూడా గొంతు తగ్గించి. సెప్టెంబరులో రైళ్ళు ఆగాయి, బడి మూశారు, ఆకాశంలో విమానాలు తిరిగాయి, ఇరానీ హోటల్లో రేడియో దగ్గర నిలబడ్డవాళ్ళ మొహాలు చూసి మేము వార్తలు తెలుసుకునేవాళ్ళం. వారం తిరక్కుండానే మిలిటరీ లారీలు బొల్లారం మీదుగా వచ్చేశాయి. జెండాలు లేచాయి. జనం రోడ్ల మీదికొచ్చి మిఠాయిలు పంచారు, నాకూ ఒక లడ్డూ దొరికింది. ఆ లడ్డూ తింటూ ఇంటికి వస్తుంటే మా గల్లీలో కొన్ని తలుపులు మూసే ఉండటం చూశాను. నిన్నటిదాకా భయపడ్డవాళ్ళు వీధిలో ఉన్నారు, భయం వేరే ఇళ్ళకు మారింది.

బడి తెరిచేసరికి జట్టులో సగం మంది లేరు. కొందరి కుటుంబాలు కరాచీకి వెళ్ళిపోయాయి, బెజవాడకు పారిపోయినవాళ్ళు కొందరు అక్కడే స్థిరపడ్డారు. యాకూబ్ సాబ్ కూడా రావడం లేదు. ఒకరోజు యాదగిరి నా చెయ్యి పట్టుకుని ఆయన ఇంటికి తీసుకుపోయాడు. పగలే తలుపు వేసి ఉంది. చాలాసేపు కొడితే ఆయనే తీశారు. గడ్డానికి రంగు లేదు, తెల్లగా ఉంది.

"ఆట షురూ చెయ్యాలె సాబ్. కొత్త పోరగాళ్ళకు నేర్పాలె" అన్నాడు యాదగిరి.

ఆయన గల్లీ రెండు వైపులా చూసి, "బేటా, ఇప్పుడు నా సీటీ ఎవరు ఇంటరు?" అన్నారు.

"మేం ఇంటం."

సాబ్ లోపలికి వెళ్ళారు. ఇక రారనుకుని మేము మెట్లు దిగుతుంటే, ఖాకీ నిక్కరు వేసుకుని బయటికొచ్చారు.

ఆ ఏడాదంతా కొత్తవాళ్ళను తయారుచేశాం. అర్భకులు, పిరికివాళ్ళు, కళ్ళజోడు తీస్తే బంతి కనపడనివాడు ఒకడు, ఎవరు దొరికితే వాళ్ళే. గోడకు భుజం ఆనించి నెట్టేవాళ్ళం, గోనెసంచుల్లో ఇసుక నింపి వాటి మీద పడేవాళ్ళం. ఓడిపోతామని అందరికీ తెలుసు. అయినా పదిహేను మందిమీ గీత మీద నిలబడాలని యాదగిరి పట్టు. ఎవడైనా మానేస్తానంటే వాడి ఇంటికి పోయి వాకిట్లో కూర్చునేవాడు, వాడు వచ్చేదాకా లేచేవాడు కాదు.

మరుసటి ఆషాఢంలో, బోనాల రోజుల్లో, బొల్లారం బడితో ఆట. వాళ్ళంతా మిలిటరీ ఉద్యోగుల పిల్లలు. తెల్ల చొక్కాలు, మేకుల బూట్లు, మాకంటే చెయ్యెత్తు. వెనకటి రోజుల్లో తీర్పుకు నిలబడే తెల్ల దొరలు ఊరు వదిలి వెళ్ళిపోయారు. నియమాలన్నీ తెలిసినవారు ఇంకొకరు దొరక్క, రెండు బడుల హెడ్మాస్టర్లూ యాకూబ్ సాబ్‌కే సీటీ అప్పగించారు. మేము మీటరు గేజీ రైల్లో వెళ్ళాం. మమ్మల్ని ఉత్సాహపరచడానికి యాదగిరి అన్న తన కట్టెల లారీ నిండా బోయిగూడ పడుచువాళ్ళను ఎక్కించుకుని డప్పులతో వచ్చాడు.

ముసురు. నేలంతా బురద. మొదటి ధక్కాలోనే వాళ్ళు మమ్మల్ని అంత దూరం నెట్టుకుపోయారు. యాదగిరి నా చెవిలో, "కాళ్ళు పాతుకో. ఇంకో అడుగు ఇయ్యద్దు" అన్నాడు. ఇవ్వలేదు. వాళ్ళు ఒక ట్రై చేశారు, దానికి మూడు పాయింట్లు. ఆ తరువాత ఎంతసేపు నెట్టినా గీత దాటనివ్వలేదు. పెదవి పగిలినవాడు, చొక్కా చిరిగినవాడు, కళ్ళజోడు లేక బంతిని చప్పుడును బట్టి వెతుక్కునేవాడు, అందరూ లేచి మళ్ళీ వచ్చి వరుసలో దూరేవాళ్ళు. ఆట చివరికొస్తుండగా వాళ్ళ చేతిలోంచి బంతి జారింది. యాదగిరి దాన్ని ఎత్తుకుని, ఇద్దర్ని మీద వేసుకునే ఈడ్చుకుంటూ పరుగెత్తి, పడిపోతూ నాకు విసిరాడు. పట్టుకున్నాను. ముందు ఎవరూ లేరు. గీత దాటి, బంతి మీద బోర్లా పడ్డాను. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క ట్రై.

డప్పులు మోగాయి. వాటి వెనక సీటీ ఎప్పటినుంచో మోగుతూనే ఉందట, నాకు వినపడలేదు. తలెత్తి చూస్తే యాకూబ్ సాబ్ నా దగ్గర లేరు. అంత వెనక, యాదగిరి పడినచోట, మడమతో గుంట చేస్తున్నారు. బంతి ముందుకు విసిరాడని తీర్పు. ట్రై చెల్లదు.

డప్పులు ఆగాయి. లారీలో వచ్చినవాళ్ళు తాడు దాటి మైదానంలోకి వచ్చేశారు. అందరికంటే ముందు యాదగిరి అన్న. "ఏందీ సాయిబూ, మా పోరగాళ్ళనే ముంచుతవా? ఇంకా మీ జమానానే అనుకుంటున్నవా?" అని అరిచాడు. వెనకవాళ్ళ చేతుల్లో డప్పు కొట్టే పుల్లలున్నాయి, ఒకరిద్దరి చేతుల్లో అంతకంటే లావువి ఉన్నాయి. యాకూబ్ సాబ్ కదల్లేదు. సీటీ పిడికిట్లో పట్టుకుని, "ఆట టైమ్ ఇంకా ఉన్నది. గీత అవుతలికి పోండ్రి" అన్నారు. ఎవరూ పోలేదు. అయినా అదే మాట మళ్ళీ అన్నారు.

ఎవరో ఆయన కాలరు పట్టుకున్నారు.

అప్పుడు యాదగిరి బురదలోంచి లేచి వచ్చాడు. అన్నకూ సాబ్‌కూ నడుమ నిలబడ్డాడు. తండ్రి స్థానంలో ఉన్న అన్న ముందు వాడు కళ్ళెత్తి మాట్లాడటం నేనంతకు ముందు చూడలేదు.

"అన్నా, బంతి ముందట్కే వోయింది."

"నువ్వు చుప్ ఉండుర!"

"ఇసిరింది నేను. నా చెయ్యి నాకెరుక లేదా? సాబ్ చెప్పింది సచ్చే."

ఆ మాట విన్న క్షణంలో నా ట్రై నిజంగా పోయింది. కానీ యాదగిరి నా వైపు తిరిగి భుజం చాచాడు. ఆ భుజం అలా చాస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు. వెళ్ళి దాని కింద దూరాను. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి భుజాలు కలిపారు. సాబ్ మా నడుమ ఉన్నారు. అవతలి వైపు ఖాళీగా ఉంటే, బొల్లారం కెప్టెన్, పంజాబీ కుర్రాడు, మా భాష ఒక్క ముక్క రానివాడు, తన వాళ్ళను కేకేసి వచ్చి ఆ వైపు మూశాడు. ఎవరూ ఎవరినీ నెట్టలేదు. తలలు దించుకుని, రొప్పుతూ, అలాగే నిలబడ్డాం. వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి నాకు. పళ్ళు బిగించాను, పట్టు వదల్లేదు.

ఎంతసేపో తెలియదు. చివరికి మా కాళ్ళ సందుల్లోంచి యాదగిరి అన్న కాళ్ళు వెనక్కి తిరగడం కనిపించింది. ఆయన వెళ్ళేసరికి వెనకవాళ్ళూ వెళ్ళారు.

గుంపు విడిపోయాక యాకూబ్ సాబ్ కాలరు సరిచేసుకుని, ఆ గుంట దగ్గరికే నడిచి, బంతి బొల్లారం వాళ్ళదని చెయ్యి చూపించారు. అక్కడినుంచే ఆట మళ్ళీ మొదలైంది. మిగిలిన కాసేపూ ప్రాణం పెట్టి ఆడాం. ఓడిపోయాం.

తిరుగు రైలెక్కాం. లష్కర్ స్టేషన్‌లో దిగుతూ సాబ్ యాదగిరితో ఒక్క మాటన్నారు. "రేపు పొద్దుగాల జెర జల్ది రా. నీ పాస్ సీదా చేద్దాం." థాంక్స్ లేదు, శభాష్ లేదు. మరునాడు తెల్లవారేసరికి మేమిద్దరం మైదానంలో ఉన్నాం.

అన్న చాలా రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. బోనాల పండగపూట వాడు మా ఇంట్లోనే తిన్నాడు. అమ్మ వాడి మోకాళ్ళకు కూడా పసుపు అద్దింది. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెడుతూ అన్నే మొదట పలకరించాడట. ఆ తరువాతి వానాకాలం అదే జట్టుతో అదే మైదానంలో గెలిచాం. అప్పుడూ యాకూబ్ సాబే సీటీ ఊదారు, బొల్లారం వాళ్ళే కావాలని ఆయన్ను అడిగారు.

హైదరాబాద్ రాష్ట్రం పోయి పటంలో కొత్త గీతలు పడే నాటికి బడిలో రగ్బీ ఆగిపోయింది. ఆడించేవాళ్ళు లేరు, ఆ బంతులు కుట్టేవాళ్ళు లేరు. సాబ్ రిటైరై చిలకలగూడలోనే కన్నుమూశారు. మేము కొందరం ఆ రోజు కూడా ఆయనకు భుజం ఇచ్చాం. యాదగిరి అడితి పోయి అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి, రెండేళ్ళ కిందట వాడూ కాలం చేశాడు. మా బడి మైదానంలో ఇప్పుడు సగం కార్లు నిలుపుతారు, సగంలో క్రికెట్ ఆడతారు.

మొన్న రాత్రి అన్నాల వేళ ఇదంతా చెబుతుంటే మా మనవడు, "తాతా, ధక్కా ఎట్ల చేస్తరో చూపించు" అని పట్టుబట్టాడు. కుర్చీలు జరిపి, హాల్లో నడుం వంచి, చేతులు చాచి నిలబడ్డాను. కుడి చెయ్యి యాదగిరి భుజం మీద పడాలి. ఎడమ చేతికి ఇంకొకడు కావాలి. తల ఆనించడానికి ఎదురుగా ఒకడు రావాలి. ఒక్కడు చూపించగలిగేది కాదది. వంగినవాణ్ణి అలాగే ఉండి, రారా, ఈ పక్కకు వచ్చి నా భుజం గట్టిగా పట్టుకో అని వాణ్ణి పిలిచాను.