పడుకొని చూడమన్న ఇల్లు

మా ఆయన ప్రసాద్‌కు హైదరాబాదు నుంచి గోదావరిఖనికి బ్యాంకులో బదిలీ అయింది. ఆయన వెళ్ళి చేరిపోయాడు, లాడ్జిలో ఉంటున్నాడు. ఇల్లు చూద్దాం రమ్మని రోజూ ఫోను. నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. పగటిపూట నాకు నిద్ర పట్టే ఇల్లు దొరికితే వస్తాను, లేదంటే ఆయన అక్కడ, నేను ఇక్కడ.

వినేవాళ్ళకు విడ్డూరంగా ఉంటుంది. నా ఉద్యోగం అలాంటిది మరి. అమెరికా ఆసుపత్రుల బిల్లులు సరిచూస్తాను, ఇంట్లోనే, కంప్యూటరు ముందు. వాళ్ళకు పగలైతే మనకు రాత్రి. సాయంత్రం కూర్చుంటే తెల్లవారుజామున లేస్తాను. ఆ తర్వాత నిద్రపోవాలి. మా అపార్ట్‌మెంటులో అదెక్కడ కుదురుతుంది? పై ఫ్లాటులో గోడకు డ్రిల్లింగు, ఎదురింట్లో టీవీ, కొరియరు బెల్లు, నీళ్ళ క్యాను బెల్లు, పక్కింటివాళ్ళ కొరియరు కూడా మా బెల్లే. మా అత్తగారు మంచి మనిషే గాని, "కుంభకర్ణుడి చెల్లెలివి" అని చుట్టాల ముందు నవ్విస్తుంటుంది. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖం ఎరుగదు అంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరో నైట్ డ్యూటీ చేసి ఉండరు.

ఈ మధ్య నా పనిలో తప్పులు దొర్లుతున్నాయి. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి, గట్టుకు ఆనుకొని నిలబడే నిద్రపోయాను. ఇలాగే సాగితే ఉద్యోగమో ఆరోగ్యమో ఏదో ఒకటి వదులుకోవాలని డాక్టరు తేల్చి చెప్పాడు. మానేయడానికి నాకు మనసు రాలేదు. ఆ పని నాకు బాగా వచ్చు, ఇష్టం కూడా. అందుకే ఈ ప్రయాణం.

శుక్రవారం రాత్రి పని ముగించి, మొహం కడుక్కుని, శనివారం ఉదయం ఎనిమిది దాటాక సికింద్రాబాదులో కాగజ్‌నగర్ రైలెక్కాను. కూర్చునే సీటు ముందుగా రిజర్వు చేసుకోవడం మంచిది. కాజీపేట దాటేదాకా జనం తగ్గరు. పల్లీలు, జామకాయలు, టీ వస్తూనే ఉంటాయి గాని కడుపు నిండే తిండి దొరకదు, ఇంటి నుంచి తెచ్చుకోవాలి. నేను తెచ్చిన పులిహోర ఘన్‌పూర్ రాకముందే అయిపోయింది.

ఎదురు సీట్లో శ్రీరాంపూర్ గని కార్మికుడు ఒకాయన కూర్చున్నాడు. కూతురిని హైదరాబాదులో కాలేజీలో చేర్చి వస్తున్నాడట. నా కళ్ళు చూసి, రాత్రి డ్యూటీ దిగి వస్తున్నారా, దవాఖానలో సిస్టరా అని అడిగాడు. కాదన్నాను. గోదావరిఖనిలో ఇల్లు చూడడానికి వెళ్తున్నానని చెప్పి, ఊరెలా ఉంటుందని అడిగాను.

"మంచిగనే ఉంటదక్కా. నల్లా, కరెంటు, బడి, అన్ని దగ్గర్నే. ఎండకాలం మాత్రం పెయ్యంత ఉడుకుతది. ఇగ దుమ్మంటవా, పొద్దుగాల ఆరేసిన తెల్లంగి మాపటికి తెల్లగ ఉండది."

నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల వైపు ఇల్లు తీసుకుంటే మధ్యాహ్నం బ్లాస్టింగు వినపడుతుందని, కిటికీలు గలగలమంటాయని కూడా చెప్పాడు. డ్రిల్లింగు నుంచి పారిపోయి బాంబుల దగ్గరికి వెళ్తున్నానన్నమాట. జమ్మికుంట, పెద్దపల్లి మీదుగా నేను మొహం మాడ్చుకునే వెళ్ళాను.

మధ్యాహ్నానికి రామగుండంలో దిగాను. దూరాన పవర్ ప్లాంటు పొగగొట్టాలు, ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టనివ్వని ఎండ, ఆ ఎండలో గొడుగు పట్టుకొని మా ఆయన. ఊళ్ళోకి ఆటో మాట్లాడుకున్నాం. షేర్ ఆటోలు, బస్సులు కూడా దొరుకుతాయి, సామాను లేనివాళ్ళకు అవే నయం. దారిలో జ్యోతినగర్ చెట్ల నీడ తగలగానే ప్రాణం లేచొచ్చింది. ఇక్కడే ఉందామన్నాను. అవి పవర్ ప్లాంటు వాళ్ళ క్వార్టర్లు, మనకివ్వరన్నాడు ఆయన.

ఆటో నడిపే అన్న రెండేళ్ళు హైదరాబాదులో క్యాబు నడిపి తిరిగొచ్చాడట. ఎందుకొచ్చావంటే అద్దంలో మమ్మల్ని చూస్తూ చెప్పాడు.

"ఆడ సగం దినం సిగ్నళ్ళకాడనే పోతుండె సార్. ఈడ ఆ సగం దినం ఇంట్ల ఉంటున్న. పైసల ఆమ్దనీ తక్కువనే, పరేషాని గూడ తక్కువనే."

పెద్ద జబ్బు చేస్తే మాత్రం కరీంనగరో హైదరాబాదో ఉరకాల్సిందేనని, ఆ ఒక్క ఫికరూ తీరదని కూడా అన్నాడు. తమ ఊరి గురించి అబద్ధం చెప్పాలని ఇక్కడ ఎవరికీ ఉన్నట్టు లేదు. అది నాకు నచ్చింది.

చౌరస్తా దగ్గర మెస్సులో పప్పు, పచ్చిపులుసుతో అన్నం తిని మొదటి ఇల్లు చూశాం. కొత్త ఇల్లు, మెరిసే టైల్సు, బ్యాంకుకు నడిచి వెళ్ళే దూరం. ప్రసాద్ మొహం వెలిగిపోయింది. కిటికీ కింద మాత్రం బస్సుల హారన్లు. ఇంటావిడ నా పని సంగతి విని వెనక్కి జరిగింది. ఆడమనిషి పగలంతా తలుపులు వేసుకొని పడుకుంటే నలుగురూ ఏమనుకుంటారని మా ఆయన్ని అడిగింది, నేను అక్కడ లేనట్టు. మా ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. నేను మెట్లు దిగేశాను. కోపం కాదు, ఏడుపు. ఇక్కడ కూడా ఇదేనా అనిపించింది. సాయంత్రం రైలుకే తిరిగి వెళ్ళిపోతానన్నాను.

ఇంకొక్క ఇల్లు చూడమని ఆయన బతిమాలాడు. గని కాలనీ వెనక సందులో పాత పెంకుటిల్లు, పక్కన రెండు గదుల వాటా. సందులోకి తిరిగేసరికి మా ముందు ఒక కూరగాయల బండి పోతోంది. వంకాయ, బెండకాయ అని గొంతు చించుకుంటున్న మనిషి ఒక గేటు దగ్గర ఠక్కున ఆపేశాడు. చప్పుడు చెయ్యకుండా బండి తోసుకుంటూ పోయి, మూడిళ్ళు దాటాక మళ్ళీ అందుకున్నాడు. ఆ గేటు మీద ఒక టవల్ ఆరేసి ఉంది. పాపం, ఆయాసమేమో అనుకున్నాను.

వాటా ఇచ్చే ఆమె అరుగు మీద కూర్చొని వెల్లుల్లి ఒలుస్తోంది. పేరు హమీదా, అందరూ హమీదమ్మ అంటారు. గనిలో రిటైరైన ఆమె భర్త యూసుఫ్ గారు పక్కన కుర్చీలో ఉన్నారు. వాళ్ళు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుకుంటారు, మాతో తెలుగు. ఆమె మా కులం అడగలేదు, జీతం అడగలేదు. మా ఆయన్ని చూసి మొట్టమొదట అడిగింది ఇది:

"ఏ షిఫ్టు?"

తనకు షిఫ్టు లేదని, బ్యాంకని, నైటు తన భార్యదని ప్రసాద్ నసిగాడు. ఆమె నా వైపు తిరిగింది. నేను యుద్ధానికి సిద్ధంగానే ఉన్నాను. నర్సును కాదని, ఇంట్లోనే కంప్యూటరు మీద పని అని, నాకై నేనే చెప్పేశాను.

"గనైతేంది, కంప్యూటరైతేంది," అన్నారు యూసుఫ్ గారు. "నైటు నైటే."

హమీదమ్మ వెల్లుల్లి చేట పక్కన పెట్టి లేచింది. నన్ను వాటాలో వెనక గదికి తీసుకెళ్ళింది. మందపు గోడలు, కిటికీకి లోపలి నుంచి కట్టిన నల్ల దుప్పటి, నేల మీద నీళ్ళు చల్లిన చల్లదనం, ఒక నవారు మంచం. ఇల్లు చూపించేవాళ్ళు నల్లా తిప్పి చూడమంటారు, ఫ్యాను వేసి చూడమంటారు. ఈమె మంచం చూపించి, "పండుకొని చూడు బిడ్డా," అంది.

నేను మొహమాటపడ్డాను. ముక్కూ మొహం తెలియని ఇంట్లో ఎలా పడుకుంటారు? రాత్రంతా డ్యూటీ చేసి, మళ్ళీ పొద్దున్నుంచి రైల్లో వచ్చిన మనిషికి మొహమాటమేమిటని ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఐదు నిమిషాలు ఒరిగి లేద్దామనుకున్నాను.

లేచేసరికి పొద్దు వాలింది. ఒక్క క్షణం నేనెక్కడున్నానో తెలియలేదు. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఎన్నాళ్ళ తర్వాతో, తలనొప్పి లేకుండా లేచాను. బయటికి వస్తే మా ఆయన అరుగు మీద టీ తాగుతున్నాడు. ఇంకా బ్లాస్టింగు కాలేదా అని అడిగాను. ఎప్పుడో అయిపోయిందని, చేతిలో గ్లాసు వణికిందని, నేను కదల్లేదని చెప్పాడు. అప్పుడు చూశాను, హమీదమ్మ ఇంటి గేటు మీద కూడా ఒక టవల్ ఆరేసి ఉంది. ఉతికిన టవల్ కాదు, పొడిది.

సంగతి ఆమె చెబితే తెలిసింది. చాలా ఏళ్ళ కిందట సందులో పెళ్ళి జరిగిందట. పగలంతా మైకు. యూసుఫ్ గారు కన్ను మూయకుండానే రాత్రి డ్యూటీకి వెళ్ళారు. గనిలో బొగ్గు మోసే టబ్బుల మధ్య నలిగి రెండు వేళ్ళు పోయాయి. ఆయన కుడిచెయ్యి అప్పుడు చూశాను నేను.

"తప్పు పెండ్లోళ్ళది గాదు, ఈయనది గాదు," అంది హమీదమ్మ. "నిద్ర చాలలే, గంతే. నిద్ర చాలని మనిషిని డ్యూటీకి తోలుడు పాపం బిడ్డా."

ఆ తర్వాత ఆయన పడుకున్నప్పుడల్లా ఆమె గేటు మీద టవల్ వేయడం మొదలుపెట్టింది. చూసి పక్కింటివాళ్ళు వేశారు, ఆ పైన సందంతా. టవల్ ఉన్న ఇంటి ముందు ఎవరూ కేకేయరు, రోకలి వేయరు, పిల్లలు బంతి పట్టుకొని సందు ఆ చివరకు పోతారు. యూసుఫ్ గారు రిటైరయ్యాక ఈ గేటు మీద టవల్ పడలేదట. ఈ రోజు పడేసరికి, పెద్దాయన మళ్ళీ డ్యూటీ ఎక్కాడా అని, తిరిగి వస్తూ కూరగాయలాయన సైగ చేసి అడిగాడట. కొత్తగా వచ్చిన బిడ్డ, నైట్ షిఫ్టు అని ఆమె చెప్పిందట. ఆయన తలూపి, బండి తోసుకుంటూ పోయాడట. ఆడమనిషా అని అడగలేదా అన్నాను.

"గనిల ఇప్పుడు ఆడపిల్లలు గూడ దిగుతున్నరు. నిద్రకు ఆడ మగ ఏంది?"

అడ్వాన్సు ఇవ్వమని మా ఆయనకు సైగ చేశాను. టైల్సు ఇంటి మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం ఊరు చూశాం. పొద్దున చౌరస్తాలో ఇడ్లీ, తర్వాత మార్కెట్లో చేపలు, సాయంత్రం గోదావరి వంతెన మీద గాలి. వాటాకు ఎదురింటి ఆవిడ ఊరి గురించి పెదవి విరిచింది. చదువుకున్న పిల్లలకు ఇక్కడ గని కంపెనీ తప్ప కొలువు లేదని, ఆమె కొడుకు బెంగళూరు పోయాడని, పండక్కి గాని రాడని. నిజమే అయ్యుంటుంది. వచ్చి స్థిరపడాలనుకునేవాళ్ళు ఆమె మాట కూడా విని రావాలి. దుమ్ము ఉంది, ఎండ ఉంది, పెద్ద దవాఖాన దూరం. నేను మాత్రం రెండు రోజుల్లో నా పెళ్ళినాటి మొహం మళ్ళీ అద్దంలో చూసుకున్నాను.

సోమవారం ఉదయం ప్రసాద్ నన్ను రామగుండంలో రైలెక్కించి బ్యాంకుకు పరుగెత్తాడు. రైలు కిటకిటలాడుతోంది, పక్కనున్నావిడ మోచెయ్యి నా పక్కటెముకల్లో ఉంది. నాకు ఏ మాత్రం చిరాకు రాలేదు. కాజీపేటలో టీ తీసుకుంటుంటే తెలియని నంబరు నుంచి ఫోను.

"బిడ్డా, హమీదను. జెర పండుకున్నవా?"

రైల్లో జనం, కుదరలేదని చెప్పాను.

"అయితే ఇంటికి పోంగనే పండుకో. రాత్రికి డ్యూటీ ఉన్నది గద. గంతే బిడ్డా, అందుకే చేసిన."

పెట్టేసింది. తిన్నావా అని అడిగేవాళ్ళకు నాకు ఎప్పుడూ కరువు లేదు. మా అమ్మ అడుగుతుంది, అత్తగారు అడుగుతుంది, వాచ్‌మన్ భార్య కూడా అడుగుతుంది. పడుకున్నావా అని ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు. టీ గ్లాసు చేతిలో పట్టుకొని, అంత జనంలో, సిగ్గు లేకుండా ఏడ్చాను. పక్కనున్నావిడ కంగారుపడి ఏమైందమ్మా అని అడిగింది.

ఇల్లు దొరికిందండీ అన్నాను.