‘అన్నీ’ అని ఉంటే తప్పే

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల నడుమ నాది జిరాక్స్ దుకాణం. మిషన్ వేడెక్కేదాకా వచ్చినవాళ్లు ఊరికే నిలబడాలి కదా, అప్పుడు కతలు చెబుతాను. అంగారకుడి దారి కనిపెట్టిన జర్మనీ పెద్దమనిషి చిక్కడపల్లిలో మా మేడ మీద కిరాయికి ఉండేవాడనీ, లెక్క కుదరని రోజున మా అమ్మ చేతి పచ్చిపులుసు కూడా ముట్టేవాడు కాదనీ చెప్పాను. ఆయన పోయి నాలుగు వందల ఏళ్లు కావస్తోంది. అయినా ఎవరూ అడ్డు చెప్పలేదు, ఒక్క పాలమూరు తమ్ముడు తప్ప.

“గప్పాలు జర తగ్గించన్నా,” అనేవాడు. నారాయణగూడ హాస్టల్‌లో ఉండి సర్కారు కొలువుకు చదివేవాడు. గ్రహాల పాఠం వాడికి నాకంటే బాగా తెలుసు. ఈసారి రాకపోతే వయసు దాటిపోతుంది, ఇక పరీక్ష రాయనివ్వరు.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం దుకాణానికి వచ్చి, బల్ల మీద మోచేతులు ఆనించాడు. ఒక్క మార్కులో పోయింది.

“ఏది తప్పయింది తమ్మీ?”

“నీ జర్మనీ ఆయనదే అన్నా. ‘అన్ని గ్రహాల కక్ష్యలూ దీర్ఘవృత్తాలే’ అని ఇచ్చిండ్రు. తప్పు అని పెట్టిన.”

“నీకు తెల్వదా ఏంది!”

“తెలుసు. కోచింగ్‌ల చెప్పిండ్రు గద, ‘అన్నీ’ అని ఉంటే కండ్లు మూసుకొని తప్పు పెట్టుమని. మూసుకున్న.”

మా వీధిలో అందరికీ వచ్చిన కిటుకే అది. జవాబు తెలియనివాళ్ల కోసం పుట్టింది. తెలిసినవాడిని ముంచింది.

“ఆయన కత చెప్పన్నా. గప్పాలు లేకుండ,” అన్నాడు.

అది నాకు అలవాటు లేని పని. తడుముకుంటూ చెప్పాను. ఆకాశంలో ఏది తిరిగినా గుండ్రంగానే తిరుగుతుందని పెద్దలంతా అన్నారు, ఆయనా నమ్మాడు. ఇంకొకాయన ఏళ్ల తరబడి చూసి రాసిపెట్టిన అంగారకుడి జాడలు మాత్రం ఆ గుండ్రంలో ఇమడలేదు. తేడా వెంట్రుకంత. సర్దుకుపోవచ్చు, పోలేదు. చేసిన లెక్కంతా పక్కన పడేశాడు. గుడ్డు ఆకారం పెట్టి చూశాడు, అదీ కుదరలేదు. చివరికి కాస్త నొక్కిన గుండ్రం గీసి, సూర్యుణ్ణి నడిమధ్య నుంచి ఓ పక్కకు జరిపితే అంగారకుడు దారిలో పడ్డాడు.

“అంటే ఆయన గూడ మొదట పెద్దలు చెప్పిందే పట్టుకుండె.”

“పట్టుకున్నడు. చెరిపి మళ్ల గీసిండు.”

“ఆయనది కాయిదం అన్నా. నాది ఓఎంఆర్. పెన్నుతోని దిద్దినంక మళ్ల దిద్దనియ్యరు.”

సంచిలోంచి సర్టిఫికెట్లు తీసి బల్ల మీద పెట్టాడు. “హైదర్‌గూడల ఏదో షాపుల మనిషి గావాల్నంట. ఇవి జర తియ్యి.”

మిషన్ ఆన్ చేశాను. అది వేడెక్కేదాకా ఇద్దరం నిలబడ్డాం. నాకు ఏ కతా రాలేదు.