ములుగు దాటకముందే

ఆ రోజు హన్మకొండలో బస్సెక్కి, అడవిలోని ఒక బడిలో పిల్లలకు చూపించబోయే వీడియోను ఫోన్‌లో మురిసిపోతూ చూస్తున్నాను. గుడ్డులో కోడిపిల్ల గుండె కొట్టుకుంటోంది. పక్క సీట్లో బుర్ఖా వేసుకున్న పెద్దామె కూడా తొంగి చూసింది.

“ఫోన్ల దించుకున్నవా బిడ్డా, నెట్ల నడుస్తాందా?”

“ప్రజెంటేషన్‌ల లింకు పెట్టిన అమ్మా, ములుగు అవతల అడవిల బడి పిల్లలకు చూపెట్టనీకి,” అన్నాను గొప్పగా.

ఆమె చెయ్యి చాచి నా ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేసింది. కాసేపటికే గుండె ఆగి, తెర మీద చక్రం తిరగసాగింది. అడగకుండా ముట్టుకుందని నాకు ఒళ్లు మండింది.

“మా చెల్లె ఊరు ఆ అడవిలనే. ఆడ గిట్లనే తిరుగుతది. ములుగు దాటకముందే దించుకో.”

కోపం దిగమింగి, ఫ్లైట్ మోడ్ తీసేసి, వీడియో పెట్టినవాళ్ల సైటులోనే డౌన్‌లోడ్ బటన్ వెతికి నొక్కాను. ములుగు వచ్చేసరికి ఫైలు మొత్తం దిగింది. ఆమె మళ్లీ ఫ్లైట్ మోడ్ నొక్కి చూసింది. గుండె ఆగలేదు.

“ఇగ ఫికర్ లేదు, పో,” అని దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం బడిలో ప్రొజెక్టర్ వెలుగులో గోడంత గుండె టకటకా కొట్టుకుంటుంటే పిల్లలు కేకలు పెట్టారు. హెడ్మాస్టరు తన ఫోన్ పైకెత్తి చూసుకున్నారు.

“ఈడ సిగ్నలే రాదు కదా మేడం, ఎట్ల నడుస్తాంది?”

“సిగ్నల్ రాలేదు సార్. గుండె నాతోని బస్సెక్కి వచ్చింది.”