పంటి కింద స్క్రూడ్రైవరు

నా చెవులు ఎప్పుడు పోయాయో నాకే తెలియదు. ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల మధ్య అన్నేళ్ళు బతికినవాడికి అవి ఒక్కరోజులో పోవు. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి, తర్వాత మనుషుల మాటల చివర్లు. షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. చెవిటి మేస్త్రి దగ్గరికి బండి ఎవడు తెస్తాడు?

నన్ను కాపాడింది పళ్ళు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టుకుంటే, లోపలి చప్పుడు దవడ ఎముక గుండా తిన్నగా తలలోకి వచ్చేది. ఏ బేరింగు అరిగిందో అక్కడే తెలిసిపోయేది. ‘మేస్త్రిగారు బండి నాడి చూస్తారు’ అని చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోనీ అని ఊరుకున్నాను.

పై వరస ముందే ఊడింది. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాను. వాటిలోంచి గలగల తప్ప ఏమీ వచ్చేది కాదు. కింది వరస మీదే బండి నడిపించాను. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి ఆ కింది పళ్ళూ కదలడం మొదలెట్టాయి. స్క్రూడ్రైవరు కరిస్తే ఇంజను బదులు నా పళ్ళ కటకటే వినిపించేది. పళ్ళు పోతే ముద్ద మెత్తగా చేసుకుని తింటాను. పని పోతే ఏం తింటాను?

బందరు రోడ్డులో పళ్ళ డాక్టరమ్మ నా నోట్లోకి లైటు వేసి చూసింది.

“వీటిని ఉంచి లాభం లేదండీ. తీసేసి, దవడ ఎముకలో నాలుగు స్క్రూలు బిగిస్తాం. కొన్ని నెలలకి ఎముక వాటిని గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు పళ్ళ సెట్టు వాటి మీద పెట్టి నొక్కితే కూర్చుంటుంది.”

“ఎముక పగలదా అమ్మా?”

“పగలదండీ. ఎక్స్‌రే చూశాంగా. తినడానికి ఏ ఇబ్బందీ ఉండదు.”

పల్చటి పోత ఇనుములో బోల్టు కాస్త ఎక్కువ బిగిస్తే ఎలా చీలుతుందో నా చేతులకి తెలుసు. ఇనుమే అలా చీలుతుంటే నా ముసలి దవడ ఎంత? అయినా అడగాల్సింది అది కాదు. ఆ స్క్రూల గుండా ఇంజను చప్పుడు తలలోకి వస్తుందా అని అడగాలి. సిగ్గేసి అడగలేదు.

స్క్రూలు బిగించిన రోజు దవడంతా తిమ్మిరెక్కించారు. నొప్పి లేదు. కానీ డ్రిల్లు ఎముకలోకి దిగుతుంటే కుర్చీ చేతులు పట్టుకుని చెమటలో తడిసిపోయాను. చాలా ఏళ్ళ తర్వాత నేనంత స్పష్టంగా విన్న చప్పుడు అదే. భయంతో చస్తూనే, పోనీలే, ఎముకకి ఇంకా వినపడుతోంది అనుకున్నాను.

తర్వాత నెలలన్నీ నరకం. హనుమాన్ జంక్షన్ నుంచి ఒక లారీ ఓనరు ఇంటికే వచ్చాడు.

“లోపల ఏదో కొట్టుకుంటోంది మేస్త్రిగారూ. ఓసారి పళ్ళతో చూడండి.”

“నోట్లో పుండయ్యా. తగ్గాక కబురు చేస్తాలే.”

ఇక ఎప్పటికీ వినపడదేమోనన్న భయం మాత్రం పనివాళ్ళ మీద కోపంగా బయటికొచ్చేది. స్పానరు కింద పడి చప్పుడైనా తిట్టేవాణ్ణి. ఆ చప్పుడు నాకు వినపడిందీ లేదు, వాళ్ళ మొహాలు చూసి తిట్టడమే.

సెట్టు పెట్టిన మర్నాడు పొద్దున షెడ్డుకి వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. అందరి ముందూ కరిచి, ఏమీ వినపడకపోతే? వంటింట్లో మా ఆవిడ గ్రైండరులో దోసెల పిండి రుబ్బుతోంది. స్క్రూడ్రైవరు తెచ్చి, మొనని గ్రైండరు మోటారు మీద ఆనించి, కళ్ళు మూసుకుని పిడి కరిచాను.

కరకర. ఇసక నమిలినట్టు.

చప్పుడైతే వచ్చింది. కానీ అది మోటారుదా, నాదా? ఎముకలో స్క్రూ వదులై గీసుకుంటోందేమోనని చటుక్కున పిడి వదిలేశాను.

మా ఆవిడ లేచి నాకు ఎదురుగా వచ్చి నిలబడింది. ఏళ్ళ తరబడి నాతో ఏం మాట్లాడినా అలా ఎదురుగా వచ్చే మాట్లాడేది. ఎందుకో నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు.

“ఏవండీ, ఏమైంది?”

“బేరింగు అరుస్తోంది. నీకు వినపడట్లేదా?”

ఆవిడ చెవి దగ్గరపెట్టి విన్నది. “లేదే. బానే తిరుగుతోందిగా.”

చెవులున్న మనిషికి వినపడని చప్పుడు నాకెలా వినపడింది? అయిపోయింది, దవడ చీలింది అనుకున్నాను. పిండి పక్కకి తీయించి, గ్రైండరు బోర్లించి, మోటారు విప్పాను. తొందరలో స్పానరు రెండుసార్లు జారింది. బేరింగు బయటికి లాగి, వేలికి దూర్చి తిప్పాను.

కరకర. వేలికి తెలిసింది. లోపల గ్రీజు ఎండిపోయి, ఇనప గుళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

దాన్ని పట్టుకుని అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను. మా ఆవిడ కూడా కింద కూర్చుంది, మళ్ళీ నాకు ఎదురుగానే.

“గ్రైండరు పాడైందని ఇంత సంతోషపడే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు,” అంది. “ఆ హనుమాన్ జంక్షన్ లారీ ఆయనకి కబురు చెయ్యండి.”