డీజిలు చేనులో రెండో సగం

తొంభైల చివర్లో నేను విశాఖలో బూజు మీద పరిశోధన చేసేవాణ్ణి. రొట్టెకు బూజు పడితే మా అమ్మ పారేసేది, నేను స్కాలర్‌షిప్పు తీసుకుని మరీ పెంచేవాణ్ణి. అడవిలో పడిపోయిన మానును కుళ్లబెట్టే తెల్లబూజు ఒక ఎంజైమును వదులుతుంది. అది కట్టెనే కాదు, మట్టిలో ఇంకిన డీజిలును కూడా ముక్కలు చేస్తుంది. సీసాల్లో రుజువైంది. ఇక నిజం నేల కావాలి, అదీ పాడైన నేల.

మా అదృష్టం పండి, టైడా దగ్గర ఘాట్ రోడ్డు మలుపులో ట్యాంకరు బోల్తాపడింది. కింద ఒక గిరిజన ముసలమ్మ చోడి చేను, అదే రాగి చేను, డీజిలుతో తడిసిపోయింది. ఆ ఏడు అందులో గడ్డిపరక మొలవలేదు. ఆమెకున్నది ఆ చెక్క నేలే. వార్త వినగానే మా పరిశోధన గైడుగారి మొహంలోకి పెళ్లికళ వచ్చేసింది.

చేను మధ్య తాడు కట్టి, ఒక సగంలో బూజు పట్టించిన వరిగడ్డి కలిపాను. పోల్చి చూడటానికి రెండో సగాన్ని అలాగే వదిలేయాలి. దాన్ని కంట్రోల్ అంటారని ముసలమ్మకు వివరించాను. ఆమె తలూపింది. నా బోధనాశక్తికి నేనే మురిసిపోయాను.

తొలకరి దాటాక వెళ్తే చేనంతా చోడి మొలకలు. తాడుకి మేక కట్టేసి ఉంది. నా గడ్డిలో సగం తీసి ముసలమ్మ రెండో పక్కకూ కలిపేసిందట.

"ఏటమ్మా ఇది?" అన్నాను.

"ఏటకెళ్లి పందిని కొడితే మేం గడపగడపకీ వాటా ఏత్తాం బాబూ. ఒక్క సేనులో ఇటుపక్క మందేసి అటుపక్క మాడ్చేత్తారేటి? నువ్వు మరిసిపోనావనుకున్నాను."

మట్టి పరీక్షిస్తే రెండు సగాలూ శుభ్రం. గైడుగారు తల పట్టుకున్నారు. "మొత్తం బాగుపడిపోతే, బూజు వల్లే బాగుపడిందని ఎలా చెబుతామయ్యా?" దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా. డబ్బాడు డీజిలు పట్టుకెళ్లి ఆ రెండో సగంలో మళ్లీ పోసి రమ్మని సెలవిచ్చారు.

నాకు ఒళ్లు మండింది. అయినా వెళ్లాను, డాక్టరేటు నాదే కదా. కలుపు తీస్తున్న ముసలమ్మకు వచ్చిన పని చెప్పాను. ఆమె డబ్బా వైపు చూసింది.

"నా సేను సెడితే గానీ నీ సదువు పూర్తవదా బాబూ?"

"అవదమ్మా."

"అయితే ఆ సదువు మానీ. కూకో, అంబలి తాగు."

డబ్బా పక్కన పెట్టి కూర్చున్నాను. ఆ తర్వాత ఆ చదువు నిజంగానే మానేశాను.