సాయవ్వ కాలి మీది పొర

ఎల్లారెడ్డిలో మా వీధి పిల్లల్లో సగం మందికి తొలి స్నానాలు సాయవ్వ కాళ్ల మీదే జరిగాయి. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పసిబిడ్డను పిక్కల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి నీళ్లు పోసేది. ఏడుపు కడుపు నొప్పికో చెవి నొప్పికో వీపు మీద చెయ్యి వేసి చెప్పేది. అరవై దాటినా నాట్లకూ పోయేది.

మా పాప పుట్టిన ఇరవై రెండో రోజున, ఆమె ఎడమ చీలమండ దగ్గర గుడ్డ కట్టు చూశాను.

"ఏమైందవ్వా?"

"నాట్లల్ల ముల్లు గుచ్చుకున్నది బిడ్డా. షుగరున్నది గదా, మానుతలేదు. నాలుగు నెల్లాయె."

నా భయమంతా మొదట పాప గురించే. కట్టు విప్పించాను. రూపాయి బిళ్లంత పుండు, పైన పసుపుపచ్చని జిగట పొర, వాసన. మైక్రోబయాలజీ చదివినదాన్ని, చూడగానే తెలిసింది. బ్యాక్టీరియా గుంపుగా అతుక్కుని చుట్టూ జిగురు కట్టుకుంటుంది. ఎన్ని మాత్రలు మింగినా ఆ జిగురు దాటి మందు సరిగా దిగదు. తేనె దాన్ని బలహీనపరచగలదని చదివాను. కామారెడ్డి నుంచి పుండ్లకు వాడే శుద్ధి చేసిన తేనె ట్యూబు తెప్పించి, ఎలా రాయాలో చెప్పాను.

సాయవ్వ నవ్వింది. "పిల్ల నాలుకకు చుక్క తేనె రాస్తనంటే ఇంతెత్తు లేస్తివి. నా పుండుకైతే పుయ్యమంటున్నవ్. ఏం సదువే నీది!"

"ఏడాది నిండని పిల్లలకు పెడితే పాణం మీదికొస్తదవ్వా. పుండు సంగతి వేరు. దవాఖానల గూడ సూపియ్యి."

"సూపిస్త తియ్యి."

మరునాటి నుంచి పాపకు నీళ్లు నేనే పోసుకున్నాను. పుండు మానాక రమ్మన్నాను. అది తెలిసి ఇంకో రెండు ఇళ్లవాళ్లూ ఆమెను పిలవడం మానేశారు. నెల రోజులు నేను ఆ కాలు చూడలేదు. ఎదురుపడినప్పుడు అడిగితే, "వాసన పోయింది, నొప్పి లేదు, తోలొస్తున్నది" అంది. షుగరుకు పాదం మొద్దుబారితే నొప్పి తెలియదని నాకు తెలుసు. అయినా ఆ మాట వినగానే తేలికపడ్డాను.

ఒక పొద్దున ఆమె కోడలు త్రివేణి పరుగున వచ్చింది. "అక్కా, అత్తమ్మకు సలిజరం. కాలు ఉబ్బింది."

వెళ్లి కట్టు విప్పాను. పొర అలాగే ఉంది, మునుపటికన్నా దళసరిగా. చుట్టూ చర్మం నల్లబడింది.

"దీన్ని కడగలేదా?"

"కొత్త తోలు గదక్కా. ఊడితే మళ్ల మొదటికొస్తదని పక్కపక్కన్నే తుడిసిన. తేనె మీదికెల్లే రాసిన."

పొర గీకించాకే తేనె రాయాలని నేను చెప్పలేదు. అది తోలు కాదని కూడా చెప్పలేదు. నాకు తెలిసిందే కనుక, వాళ్లకూ తెలుసనుకున్నాను.

కామారెడ్డి ఆస్పత్రిలో డాక్టర్ ఆ పొర గీకేసి, సన్నని కడ్డీ లోపలికి పెట్టాడు. ఎముకకు తగిలింది. సాయవ్వ ఉలిక్కిపడలేదు. రెండు రోజులు సూదిమందులు ఎక్కించారు. జ్వరం దిగలేదు. మూడో రోజు డాక్టర్ మోకాలి కింద జానెడు దూరంలో పెన్నుతో గీత గీశాడు.

సాయవ్వ ఆ జానెడు మీద చెయ్యి పెట్టి చూసుకుంది. "గింతేనా సారూ?"

"నడవడానికి కృత్రిమ కాలు పెట్టుకోవచ్చమ్మా."

"నడుసుడు కాదు సారూ. పిల్లను పండవెట్టాలె."

త్రివేణి ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం తీసుకుని, అటూ ఇటూ చూసి నా చేతికిచ్చింది. ఒక్కో వాక్యం సాయవ్వకు చదివి వినిపించాను. చివర్న వేలిముద్రకు వేలు చాపింది.