నేత్రావతి డిష్ పెట్టె

హొసకోటె బస్టాండు వెనక సందులో మునివెంకటప్ప రిపేరు కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. రేడియోల కాలంలో వాళ్ళ నాన్న పెట్టిన కొట్టు అది. టేప్ రికార్డర్లు వచ్చాయి, పోయాయి. డిష్ పెట్టెలు వచ్చాయి, అవీ పోయేలాగే ఉన్నాయి. మునివెంకటప్ప మాత్రం అదే స్టూలు మీద, అదే నోటితో కూర్చునే ఉన్నాడు. ఆ నోటికి రెండు మాటలు అలవాటు. ఏ పెట్టె తెచ్చినా, "ముందు కరెంటును అనుమానించల్లప్పా, ఆమీద పెట్టెను" అంటాడు. బాగుచేసి చేతికిచ్చినా, కొత్తది బిగించినా, "ఒకేదాన్ని తిప్పి తిప్పి చూడొద్దండి, అరిగిపోతాది" అంటాడు.

మొదటి మాట నిజం. రెండోది క్యాసెట్ల కాలపు మాట. డిష్ పెట్టెలో రికార్డులు దాచే హార్డ్ డిస్క్ అలా అరగదని ఆయనకు తెలుసు. కానీ రేపు మళ్ళీ పాడైతే నెపం మనమీదికి రాకూడదు కదా!

నేత్రావతి పెట్టె తెచ్చిన రోజు ఆయన ఆ మొదటి మాటే మరిచాడు. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుట్టుకునే మనిషి. భర్త కృష్ణప్ప పోయి ఏడాదైంది. ఆ రికార్డింగ్ పెట్టెను వాళ్ళింట్లో బిగించింది కూడా మునివెంకటప్పే.

"టిక్కుటిక్కుమంటా ఉండాదన్నా, బొమ్మ రాలేదు. లోపల మా ఆయన ఉండాడు, జోపానం" అని అప్పగించి వెళ్ళింది.

కృష్ణప్ప తన ఆఖరి ఏడు అమ్మవారి కరగ ఊరేగింపులో తప్పెట్ల మోత మధ్య, కత్తి పట్టి, కరగ కుండకు కాపుగా సాగే వీరకుమారుల వరుసలో నడిచాడు. టీవీలో చూపించారు. నేత్రావతి రికార్డు చేసుకుంది. ఇంట్లో ఫోటోలకేం, బోలెడున్నాయి. కృష్ణప్ప మీసం దువ్వుకుంటూ, నవ్వుతూ, నడిచేది మాత్రం ఆ పెట్టెలోనే.

ఆ సాయంత్రం క్రికెట్ మ్యాచ్. కొట్టు ముందు జనం, ఎవరి పెట్టె వాళ్ళకు అప్పుడే కావాలి. మునివెంకటప్ప నేత్రావతి పెట్టెకు వైర్లు తగిలించాడు. డిస్క్ చదవడం కుదరడం లేదు, ఫార్మాట్ చేయాలా అని తెర అడిగింది. ఎవరితోనో మ్యాచ్ గురించి వాదిస్తూనే ఆయన 'అవును' నొక్కాడు. నొక్కాక గుర్తొచ్చింది, లోపల ఎవరున్నారో.

టిక్కుటిక్కు మాత్రం ఆగలేదు. అడాప్టర్ మార్చి చూశాడు. డిస్క్ హాయిగా తిరిగింది. దానికి జబ్బే లేదు. అడాప్టర్ నీరసించి చాలినంత కరెంటు ఇవ్వలేదు, అంతే. డిస్క్ చక్కగా ఉంది, ఖాళీగా ఉంది.

మర్నాడు కొట్టు మూసి, పట్నంలో ఎలక్ట్రానిక్ అంగళ్ళుండే ఎస్.పి. రోడ్డుకు పరిగెత్తాడు. చెరిగిపోయినవి వెనక్కి తీసే విద్యలో చెయ్యి తిరిగినవాడొకడు అక్కడ ఉన్నాడు. ఆ పెట్టె రాసుకున్నది ఆ పెట్టెకే అర్థమవుతుందని, చెరిపేశాక దానికీ కాదని చెప్పి, డిస్క్ వెనక్కిచ్చేశాడు.

నేత్రావతి వచ్చింది. "డిస్కే పోయిందక్కా. వేరేది వేసినాను" అనేశాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! పాత డిస్క్ అడిగి తీసుకుని, కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

అప్పటినుంచి మునివెంకటప్పకు అన్నం సయించలేదు. చేసింది ఒక పాపం, దాని మీద అబద్ధం ఇంకొకటి. పెళ్ళాం పలకరిస్తే కసిరాడు. ఎవరింట్లోనైనా టీవీలో తప్పెట మోత వినిపిస్తే తల దించుకుని నడిచాడు.

వానకు డిష్ పక్కకు తిరిగిందని నేత్రావతి కబురంపింది. వెళ్ళక తప్పలేదు. మిద్దె ఎక్కి సరిచేసి దిగేసరికి ఆమె కాఫీ తెచ్చింది. గ్లాసు అందుకుంటూ దేవుడి గూటివైపు చూశాడు. కృష్ణప్ప ఫోటో పక్కన ఆ డిస్క్ ఉంది. దానికి కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"రోజూ చూసుకోవల్లని ఉంటా ఉండె అన్నా" అంది ఆమె, ఆయన చూపు గమనించి. "అరిగిపోతాదని భయపడి శుక్రవారం మాత్రం పెట్టుకుంటా ఉంటి. అయినా అరిగిపాయ. నేనే ఎక్కువ చూసేస్తినేమో."

మునివెంకటప్ప గ్లాసు కింద పెట్టేశాడు.

"మీ తప్పు కాదక్కా. అది అరగలేదు, బాగుండాది. ఆ పొద్దు కరెంటు చూడకుండా, ఏమారి నేనే చెరిపేస్తిని. ఆమీద మీకు అబద్ధం చెప్తిని."

తిట్ల కోసం తలవంచుకుని నిలబడ్డాడు. నేత్రావతి డిస్క్‌వైపు చూసింది, ఆయనవైపు చూసింది. గొంతు పెంచలేదు.

"అరగలేదా?"

"లేదక్కా. అది అరిగేది కాదు."

"రోజూ చూసినా?"

"రోజూ చూసినా అరగదక్కా."

"మరి తిప్పి తిప్పి చూడొద్దు, అరిగిపోతాదని నువ్వే కదన్నా నాకు చెప్తివి" అంది నేత్రావతి.